పెట్టెలో పన్నెండు మెట్లు

పోయిన ఉగాదికి ముందు ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద బిడ్డ కీబోర్డు కనిపించింది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఏడ్చి మరీ కొనిపించుకుంది. రెండు నెలలు టింగుటింగుమనిపించి పక్కన పెట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. దుమ్ము తుడిచి ప్లగ్గు పెడితే లైటు వెలిగింది. ఎవరికన్నా ఇచ్చేద్దామా అని ఫోన్ చేస్తే, "ఎవ్వలకియ్యకు అమ్మా, నువ్వే నేర్చుకో, రోజంతా ఏం జేస్తున్నవ్" అంది. రోజంతా ఏం చేస్తున్నానో దానికి చెప్పడానికే పావుగంట పట్టింది. కానీ ఆ రాత్రి గిన్నెలన్నీ కడిగి బోర్లించాక, వంటింటి పక్క గదిలో కూర్చుని ఒక మెట్టు నొక్కాను. నాకు నలభై ఆరేళ్లు. సంగీతంలో అదే నా మొదటి రోజు.

పూర్తిగా మొదటి రోజు అనడం అబద్ధమేమో. మా బాపు ఊరి భజన మండలిలో హార్మోని వాయించేవాడు. పగలంతా సిరిసిల్లలో సాంచాలు నడిపి, శనివారం రాత్రి మందిరంలో పెట్టె ముందు కూర్చునేవాడు. ఆడవాళ్లం వెనక వరుసలో కూర్చుని వంత పాడేవాళ్లం. పెట్టె దగ్గర ఏ అమ్మా, ఏ అక్కా కూర్చోవడం నేను చూడలేదు. బాపు తమ్ముడికి నేర్పబోయాడు, వాడికి రాలేదు. నన్ను అడగలేదు. నేనూ అడగలేదు. అవ్వ దగ్గర కూర్చుని బీడీలు చుడుతూ, బాపు వేళ్లు ఎక్కడెక్కడ పడుతున్నాయో చూస్తూ ఉండేదాన్ని, అంతే.

అందుకే కీబోర్డు ముందు కూర్చున్నాక నాకు పాటల మీద కంటే పెట్టె మీదనే ధ్యాస పోయింది. ఈ తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఎవరు పెట్టారు? మన ఊరి మందిరం దాకా ఎట్లా వచ్చాయి? బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని, ఏది చూసినా మొదట దాని పుట్టుక అడగడం అలవాటు. ఏడాదిగా యూట్యూబ్ పాఠాలు వింటూ, పుస్తకాలు తిరగేస్తూ తెలుసుకున్నది మీతో చెప్పాలనిపించింది.

పియానో సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది మన ఇళ్లకు రాలేదు. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో బార్తలోమియో క్రిస్టోఫరీ అనే ఆయన 1700 ప్రాంతంలో దాన్ని తయారు చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డులో మెట్టు నొక్కితే లోపల తీగెను గీరేది, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే మోత. క్రిస్టోఫరీ తీగెను చిన్న సుత్తితో కొట్టించాడు. వేలి బరువును బట్టి మెల్లగానూ పలుకుతుంది, గట్టిగానూ పలుకుతుంది. ఇటాలియన్‌లో ‘పియానో’ అంటే మెల్లగా అని, ‘ఫోర్టే’ అంటే గట్టిగా అని. రెండూ కలిసిన పేరులో గట్టిది రాలిపోయి మెల్లనిదే మిగిలింది. ఈనాటి పియానోకు 88 మెట్లు, అందులో తెల్లవి 52, నల్లవి 36. మనకు పియానో అంటే పాత సినిమాలో పుట్టినరోజు నాడు హీరో దాని ముందు కూర్చుని హీరోయిన్‌కు మాత్రమే అర్థమయ్యేలా పాడటం. ఇల్లు ఎంత పెద్దదో చూపించడానికి పెట్టిన సామాను అది.

మన దగ్గరికి వచ్చింది దాని పేద చుట్టం, హార్మోనియం. అందులో తీగెలు ఉండవు. తిత్తిలోంచి గాలి వచ్చి ఇత్తడి రీడును కదిలిస్తే శబ్దం పుడుతుంది. పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన 1840ల తొలినాళ్లలో ఆ పేరుతో దాన్ని తయారు చేశాడు. కుర్చీలో కూర్చుని కాళ్లతో తిత్తి తొక్కుతూ రెండు చేతులతో వాయించాలి. దొరలతో, మిషనరీలతో అది మన దేశానికి వచ్చింది. నేల మీద కూర్చునే వాళ్లకు కాళ్లతో తొక్కే పెట్టె ఎట్లా పనికొస్తుంది? 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మనకు తగినట్టు మార్చాడు. తిత్తిని కాళ్ల దగ్గర నుంచి తీసి వెనక పెట్టాడు. ఎడమ చేత్తో తిత్తి ఊపాలి, కుడి చేత్తో వాయించాలి. కాళ్లు తీసేశారు, ఎత్తు తగ్గించారు, ధర దిగింది. ఒక మనిషి చంకన పెట్టుకొని బస్సెక్కగలిగే పెట్టె అయింది. ఒక చెయ్యి తిత్తికి పోయింది కాబట్టి పియానోలో లాగా రెండు చేతుల వాద్యం కాలేదు. మన పాటకు రెండు చేతుల అవసరమూ లేదు. పాశ్చాత్యులు ఒకేసారి నాలుగు స్వరాలు కలిపి పలికిస్తారు. మనం ఒక్క వరసను పట్టుకుని పోతాం.

తెలుగు నేల మీద ఆ పెట్టెను అందరికీ వినిపించినవాళ్లు నాటకాల వాళ్లు. 1880ల్లో ధార్వాడ నుంచి వచ్చిన సమాజాలు పాటలతో నాటకాలు ఆడి వెళ్లాక మనవాళ్లకూ ఉత్సాహం వచ్చింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు పాటలు, పద్యాలతో తెలుగు నాటకాలు రాసి ఆడించాడు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచక వధతో సురభి నాటక సమాజం మొదలైంది. సురభి కుటుంబాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవారు. మీసాలు గీసుకున్న మగవాళ్లు ద్రౌపది వేషం వేస్తున్న రోజుల్లో అది చిన్న సంగతి కాదు. మైకులు లేని కాలం అది. వీణ వాయిస్తే నాలుగో వరుస దాకా వినపడదు. హార్మోనియం మోత చివరి చాప దాకా పోతుంది. ఎండకు, వానకు తీగె సడలినట్టు సడలదు. పద్యం చివర నటుడు రాగం లాగి లాగి ఊపిరి తీసుకునేటప్పుడు ఆ ఖాళీని అదే నింపుతుంది. మా వైపు చిందు భాగవతంలోనూ అదే పెట్టె. చిన్నప్పుడు నేను చూసిన ఆటల్లో చిందు ఆడేది ఆడవాళ్లు కూడా, హార్మోని మాత్రం మగవాళ్లదే.

ఇంత జనంలోకి పోయిన పెట్టె మీద పెద్దలకు కోపం వచ్చింది. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియంను నిషేధించింది. తెల్లదొరలు కొందరు, మన జాతీయవాదులు చాలామంది, రవీంద్రనాథ్ ఠాగూర్ లాంటి వాళ్లు కూడా అది మన సంగీతానికి చేటు అన్నారు. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. దాంతో ఆ కట్టుబాటు మనకూ వచ్చింది. 1970ల మొదట్లో సడలించేదాకా, ముప్పై ఏళ్లు, మా ఊరి మందిరంలో ప్రతి శనివారం మోగే పెట్టెకు ఆకాశవాణిలో చోటు లేదు.

వాళ్లు చెప్పిన కారణాలు తప్పని నేను అనను. ఆ కారణాలు కీబోర్డు ముందు కూర్చున్న నెలలోనే నాకు వేళ్లతో తెలిశాయి. మొదటిది గమకం. మన పాటలో స్వరం నిలబడదు, ఊగుతుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి జారుతుంది. మెట్టు మీద వేలు పెడితే స్వరం మేకు కొట్టినట్టు నిలబడుతుంది. రెండోది శ్రుతి. దీనికి కొంచెం లెక్క కావాలి, భయపడకండి. తంబూరా తీగెను మీటి చెవి పెట్టి వింటే, ‘స’ లోపల సన్నగా ‘గ’ వినిపిస్తుంది. ఎవరూ వాయించకుండానే పుట్టే స్వరం అది. దానికీ ‘స’కూ ఉన్న లెక్క నాలుగుకు ఐదు. ‘స’ 240 అనుకుంటే ‘గ’ 300. కీబోర్డులో అదే ‘గ’ 302కు పైన ఉంటుంది. ఎందుకంటే పాశ్చాత్యులు ఏ మెట్టు నుంచి మొదలుపెట్టినా పాట ఒకేలా ఉండాలని స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు. అందరికీ సమానంగా పంచితే ఎవరికీ సరిగ్గా సరిపోదని ఆస్తులు పంచుకున్న ఇళ్లవాళ్లకు తెలుసు. ‘ప’కు నష్టం దాదాపు లేదు, 360కి బదులు 359.6. దెబ్బంతా ‘గ’ మీద పడింది.

అయినా నాకు ఒక సంగతి నవ్వు తెప్పించింది. మన పాటకులు తమ శ్రుతిని ఎట్లా చెప్పుకుంటారో విన్నారా? "నాది ఒకటిన్నర", "ఆవిడది ఐదున్నర" అంటారు. ఈ లెక్క ఎక్కడిదో నాకు కీబోర్డు కొనేదాకా తెలియదు. అది హార్మోనియం మెట్ల లెక్క! మొదటి తెల్ల మెట్టు, పాశ్చాత్యుల ‘సి’, ఒకటి. ‘డి’ రెండు, ‘ఇ’ మూడు, ‘ఎఫ్’ నాలుగు, ‘జి’ ఐదు, ‘ఎ’ ఆరు, ‘బి’ ఏడు. మధ్యలో ఉన్న నల్లవి అరలు. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి లేదు. ఏడు తర్వాత కూడా లేదు. అందుకే మనకు ఏడున్నరేళ్ల శని ఉంది గాని ఏడున్నర శ్రుతి లేదు. పెట్టెను గడప తొక్కనివ్వని విద్వాంసులు కూడా తమ గొంతును ఆ పెట్టె మెట్లతోనే కొలుచుకున్నారు. మగవాళ్లది ఎక్కువగా ఒకటి దగ్గర, ఆడవాళ్లది ఐదు దగ్గర ఉంటుంది. నాది నాలుగున్నర అని తేలింది. నలభై ఆరేళ్లు ఆ గొంతుతోనే బతికి, దాని నంబరు ఇప్పుడు తెలుసుకున్నాను. రక్తం గ్రూపు తెలిసినప్పుడు కూడా ఇంత సంబరపడలేదు.

ఇక పన్నెండు సంగతి. స్థాయికి పన్నెండు మెట్లు ఉండటం దొరలు నేర్పిందని మొదట నేనూ అనుకున్నాను. కాదు. 1550లో విజయనగరంలో, అళియ రామరాయల కోసం రామామాత్యుడు స్వరమేళకళానిధి రాశాడు. వీణ మీద మెట్లు ఎక్కడ బిగించాలో అందులో చెప్పాడు. తీగెలోంచి దానంతటదే పుట్టే స్వరాన్ని స్వయంభువు అన్నాడు, నేను పైన చెప్పిన తంబూరా ‘గ’ లాంటివే అవి. ఆ తర్వాత తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో వీణకు ఇరవై నాలుగు మెట్లు స్థిరంగా బిగించారని చెబుతారు, అంటే రెండు స్థాయిలకు పన్నెండు పన్నెండు చొప్పున. మెట్టు అనే మాటను కూడా హార్మోనియం వీణ దగ్గర నుంచే తెచ్చుకుంది. వీణ మీద తీగెను పక్కకు లాగి గమకం పలికించవచ్చు, పెట్టె మీద కుదరదు. తేడా అక్కడుంది, లెక్కలో లేదు.

రఘునాథుని మంత్రి గోవింద దీక్షితుల కొడుకు వేంకటమఖి. ఆయన పదిహేడో శతాబ్దంలో చతుర్దండీ ప్రకాశిక రాసి, ఏడు స్వరాల రాగాలకు 72 మేళాలు లెక్కగట్టాడు. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లకు ఆ తంజావూరు కొలువు రంగాజమ్మ కొలువుగా, రామభద్రాంబ కొలువుగా తెలుసు. అదే కొలువులో ఈ లెక్క కూడా జరిగింది. 72 అనగానే గుండె జారుతుంది. నేను కీబోర్డు ముందు కూర్చుని దాన్ని వంటింటి లెక్కగా చేసుకున్నాను. ‘స’, ‘ప’ మారవు, అవి అన్నం లాంటివి. ‘స’కూ ‘మ’కూ మధ్య నాలుగు మెట్లున్నాయి, వాటిలోంచి ‘రి’కి ఒకటి, ‘గ’కు ఒకటి, మొత్తం రెండు ఎంచుకోవాలి. ఇంట్లో బెండకాయ, వంకాయ, బీరకాయ, ఆలుగడ్డ ఉంటే పూటకు రెండు కూరలు ఎన్ని రకాలుగా వండొచ్చు? వేళ్ల మీద లెక్కపెట్టండి, ఆరు. ‘ప’ తర్వాత మళ్లీ నాలుగు మెట్లు, అక్కడ ‘ద’, ‘ని’ ఎంచుకోవాలి, అదీ ఆరు. మధ్యలో ‘మ’ రెండు రకాలు, పచ్చిపులుసు అయినా పెట్టాలి, చారు అయినా పెట్టాలి. పొద్దున ఆరు, రాత్రి ఆరు, పులుసు రెండు. ఆరారు ముప్పై ఆరు, రెండింతలు డెబ్బై రెండు. అంతే! మెట్లు పన్నెండే అయినా పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే మెట్టు. ఒకే మనిషి ఒకరికి వదిన, ఇంకొకరికి చిన్నమ్మ కాదా, అట్లాగే.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. యూట్యూబ్‌లో పియానో పాఠం చెప్పే అమ్మాయి తెల్ల మెట్లు ఏడూ వరసగా నొక్కమంది. నొక్కాను. ఇదే మన సరిగమ అనుకుని రెండు వారాలు సాధన చేశాను. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పక్కింటి కోడలు విని, "అక్కా, అది శంకరాభరణం, మనకు మొదటి పాఠం మాయామాళవగౌళ" అంది. సరళీ వరసలు ఆ రాగంలో మొదలుపెట్టించింది పురందరదాసు అని చెబుతారు, ఆయన కాలం 1484 నుంచి 1564. కీబోర్డులో ఒకటి నుంచి మొదలుపెడితే మాయామాళవగౌళ ఇట్లా వస్తుంది: తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు, తెలుపు, నలుపు, తెలుపు. మెట్ల దూరం లెక్కపెడితే ఒకటి, మూడు, ఒకటి, మధ్యలో రెండు, మళ్లీ ఒకటి, మూడు, ఒకటి. కింద ఎట్లా ఉందో పైన కూడా అట్లాగే ఉంది. పక్కపక్కనే ఉన్న స్వరం, దూరంగా ఎగరాల్సిన స్వరం, రెండింటినీ చిన్నపిల్లల గొంతు మొదటి రోజు నుంచే పట్టుకోవాలని ఆ ఎంపిక చేశారేమో. తెల్ల మెట్ల మీద నడవడం వేలికి సుఖం. మన పాఠం చెవికి, గొంతుకు పెట్టిన పాఠం.

ఆ తెల్ల మెట్ల శంకరాభరణం మీద రెండు వందల ఏళ్ల కిందటే మనవాళ్లు ఆడుకున్నారు. ముత్తుస్వామి దీక్షితుల కుటుంబం మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు, వాళ్లను ఆదరించిన మొదలియారు సెయింట్ జార్జి కోటలో దొరల బ్యాండు వినిపించేవాడు. ఆ ట్యూన్లకు దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. నోట్టుస్వర సాహిత్యాలని వాటికి పేరు, సుమారు నలభై ఉన్నాయి. ఒకటి ఇంగ్లండు రాజుగారి గీతం వరసలోనే ఉంటుంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దొర దగ్గర వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. వయొలిన్ మీద మెట్లు ఉండవు, గమకం ఎంతైనా జారుతుంది. కాబట్టి దాన్ని కూతురిలా ఇంట్లోకి తీసుకున్నారు. మెట్లున్న హార్మోనియం మాత్రం కోడలు అయింది.

బాలుస్వామి తన కూతురి కొడుకును దత్తత తీసుకున్నాడు. ఆయనే సుబ్బరామ దీక్షితులు. ఎట్టయపురం సంస్థానంలో ఉండేవాడు. దీక్షితుల కృతులు రెండు వందలకు పైగా, స్వరాలతో, గమకాల గుర్తులతో, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథంగా అచ్చు వేయించాడు. అంతకు ముందు 1893లో చిన్నస్వామి మొదలియారు మన పాటలను పాశ్చాత్యుల ఐదు గీతల పద్ధతిలో అచ్చు వేసే పనికి దిగి ఉన్నాడు. ఈ పెద్ద పుస్తకానికి సుబ్బరామ దీక్షితులను వెంటపడి ఒప్పించినవాడూ ఆయనే. నన్ను ఆపేసిన సంగతి ఏమిటంటే, తమిళనాడు నడిబొడ్డున అచ్చయిన ఆ గ్రంథం తెలుగు లిపిలో ఉంది. తమిళ లిపిలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ‘సంగీతం మనలాంటోళ్లకు కాదు’ అని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాను. అంత పెద్ద సంగీత గ్రంథం నేను బడిలో దిద్దిన అక్షరాల్లోనే ఉంది. మూడేళ్లు తెలుగు బి.ఏ. చదివాను, దాని పేరు ఒక్కసారి కూడా వినలేదు.

చదివిన తెలుగు ఊరికే పోలేదులెండి. ఐదు గీతల మీద తలకాయల్లాంటి గుర్తులు చూసి మొదట బెదిరిపోయాను. తర్వాత చూస్తే అది మన లఘువు, గురువే. తోక ఉన్న నల్ల గుర్తు ఒక మాత్ర, లోపల ఖాళీగా ఉంటే రెండు మాత్రలు. ఉత్పలమాలకు గణవిభజన చేసినవాళ్లకు అది ఒక పూట పని. గీత మీద ఏ చోట ఉంటే ఏ మెట్టో గుర్తుపెట్టుకోవడమే కష్టం. దానికి నాకు మూడు నెలలు పట్టింది, ఇంకా ఎడమ చేతి గీతలు తడబడతాయి.

వయసు గురించి అడుగుతారు కదా. పెట్టె నుంచి పియానోకు పోయిన వాళ్లలో మనందరికీ తెలిసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఇళయరాజా 1943లో పుట్టాడు. తమిళనాట పణ్ణైపురం అనే పల్లె. అన్న పావలర్ వరదరాజన్ బృందంలో హార్మోనియం పట్టుకొని ఊరూరా తిరిగాడు. మద్రాసు చేరి ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం, ఐదు గీతల రాత నేర్చుకునే నాటికి పాతికేళ్లవాడు. ఆ రాత నేర్చుకున్న చేతి నుంచే 1983లో మన సాగర సంగమం పాటలు వచ్చాయి. పాతికకూ నలభై ఆరుకూ చాలా తేడా ఉందంటారా? అయితే ఇంకొకామె సంగతి వినండి. మొజార్ట్ పేరు విన్నారు కదా, ఆయనకు నానెర్ల్ అనే అక్క ఉండేది. 1751లో పుట్టింది. తమ్ముడితో కలిసి యూరప్ రాజుల కొలువుల్లో కీబోర్డు వాయించిన పిల్ల. పద్దెనిమిదేళ్లు రాగానే తండ్రి ఆమెను ఇంట్లో ఉంచి తమ్ముణ్ణి మాత్రమే ఇటలీ తీసుకుపోయాడు. తర్వాత ఐదుగురు పిల్లలున్న మూడో పెళ్లివాడికి ఇచ్చి చేశారు. 1801లో భర్త పోయాక, యాభై ఏళ్ల వయసులో సాల్జ్‌బర్గ్‌కు తిరిగొచ్చి పియానో పాఠాలు చెప్పింది. మా అవ్వకు ఈ కథ చెబితే, "ఆడనూ గంతేనా" అంది.

బతుకమ్మ ముందు ఒక ప్రయోగం చేశాను. మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చిన్నప్పటి నుంచి పాడే బతుకమ్మ పాట పాడమన్నాను. నేను మెట్ల మీద వెతకాలి. నాలుగు మెట్లు దొరికాయి. ఐదోది దొరకలేదు. అత్తమ్మ గొంతు నల్ల మెట్టు కంటే పైన ఉంది, తెల్ల మెట్టు కంటే కింద ఉంది. మళ్లీ పాడించాను, మళ్లీ అక్కడే. ఒకసారి తప్పు పాడితే పొరపాటు, పదిసార్లు అదే చోటికి వస్తే అది పొరపాటు ఎట్లా అవుతుంది? చెన్నైలో కీబోర్డు మీద కచేరీలు చేసేవాళ్లు ఎడమ చేత్తో ఒక చక్రం తిప్పి గమకం పలికిస్తారు. మా బిడ్డ కీబోర్డుకు ఆ చక్రం లేదు. రెండు మెట్లూ కలిపి నొక్కి చూశాను. పిల్లి అరిచినట్టు వచ్చింది. అత్తమ్మ నవ్వి, "నీ డబ్బకు రాదులే బిడ్డా, నువ్వు నోటితోని పాడు" అంది. 1940లో రేడియోవాళ్లు చెప్పింది మా అత్తమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. కానీ ఆ డబ్బా లేకపోతే ఆమె గొంతులో ఆ ఐదో చోటు ఒకటుందని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

దసరాకు పుట్టింటికి పోయినప్పుడు బాపు పెట్టె అడిగాను. బాపు పోయి పదకొండేళ్లు. పెట్టె తమ్ముడి ఇంట్లో వడ్ల బస్తాల వెనక ఉంది. తిత్తి గుడ్డ ఎలుకలు కొట్టాయి. "తీస్కపో అక్కా, నాకేం జేస్కుంట" అన్నాడు. బాగు చేసే ఆయన రీడ్లన్నీ మంచిగనే ఉన్నాయని, తిత్తి మార్చి, మెట్ల కింద ఇరుక్కున్న చెత్త తీసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి తుడుస్తుంటే చూశాను, అన్ని తెల్ల మెట్లూ పసుపురంగుకు తిరిగాయి. ఒక్క నల్ల మెట్టు మాత్రం నడుమ అరిగి గుంట పడింది. మధ్య స్థాయిలో మొదటి నల్ల మెట్టు. ఒకటిన్నర. అవ్వకు ఫోన్ చేసి, బాపు ఒకటిన్నర శ్రుతిలో పాడేవాడా అని అడిగాను. "గవన్నీ నాకేమెరుక, నల్ల దాని మీద వేలు వెట్టి నా దిక్కు జూసేటోడు" అంది.

కీబోర్డును పక్కన పెట్టి రెండింటి ఒకటిన్నరలూ కలిపి పలికించాను. కలవలేదు, బాపు పెట్టె కొంచెం కిందికి ఉంది. పాశ్చాత్యులు కూడా ‘ఎ’ ఎంత ఉండాలో చాలాకాలం కొట్లాడారు. ఫ్రాన్సు 1859లో 435 అని చట్టం చేసింది, 1939లో లండన్ సమావేశం 440 అంది. ఇప్పుడు కీబోర్డులన్నీ 440 మీదే వస్తాయి. బిడ్డకు ఫోన్ చేస్తే, "హార్మోని రీడ్లు గీకించి పైకి తెప్పియ్యొచ్చట అమ్మా, లేకుంటే కీబోర్డుల ట్యూనింగని ఉంటది, నంబరు తగ్గిస్తే కిందికి దిగుతది" అని ఎక్కడ నొక్కాలో చెప్పింది. ఒక్కొక్క అంకె తగ్గిస్తూ, ఎడమ చేత్తో బాపు పెట్టె తిత్తి ఊపుతూ కూర్చున్నాను. 434 దగ్గర రెండూ ఒకటయ్యాయి. అప్పటి నుంచి నా కీబోర్డు అక్కడే ఉంది, యూట్యూబ్ అమ్మాయితో మాత్రం కలవదు.